డిష్‌వాషర్ వాషర్

ఈ రోజు రాణిగంజ్‌లో నేను గెలిచాను. గెలిచింది బొటనవేలికి పట్టేంత రబ్బరు వాషర్.

మా మెట్టుగూడ ఇంట్లో డిష్‌వాషర్ కింద, నీళ్లు బయటికి పోయే పైపు దగ్గర వాషర్ చిరిగి వంటిల్లు చెరువైంది. మిషన్ కొందామని పట్టుబట్టింది నేనే కాబట్టి, అది బాగయ్యేదాకా గిన్నెలు నేనే తోమాలని మా ఆవిడ సుజాత తీర్పు చెప్పేసింది. కంపెనీకి ఫోన్ చేసి "డిష్‌వాషర్ వాషర్ కావాలి" అంటే, ఆ అమ్మాయి ఉత్సాహంగా కొత్త డిష్‌వాషర్ అమ్మబోయింది. పాత మోడల్‌కి పార్టులు రావట్లేదట.

అందుకే చిరిగిన ముక్క జేబులో వేసుకుని రాణిగంజ్‌లో మోటారు సామాన్ల షాపులన్నీ తిరిగాను. చివరి షాపాయన్నీ అదే అడిగాను, "డిష్‌వాషర్ వాషర్ ఉందా?"

"ఒక్కసారి చెప్తె సమజైతది అన్నా. వాషర్, వాషర్ అని రెండుసార్లెందుకు?" అన్నాడు.

నవ్వాపుకుని ముక్క చూపించాను. ఆయన వాషర్ల డబ్బా కౌంటర్ మీద గుమ్మరించి "ఏరుకో" అన్నాడు. ఏరాను. దొరికింది! నీళ్ల మోటారుదట, అచ్చం అదే సైజు.

సాయంత్రం నేనే బిగించాను. మిషన్ తిరిగింది, ఒక్క చుక్క కారలేదు. నేను కాలర్ ఎగరేసేలోపే సుజాత అడుగంటిన పాలగిన్నె నా చేతిలో పెట్టి, "ఇది మిషన్ల పోదు. పాత డిష్‌వాషర్ సుత ఉండాలె" అంది.

తోమాను. అయినా గెలుపు గెలుపే.

మీ ఇంట్లో డిష్‌వాషర్ ఎవరు? మిషనా, మీరా?