జాతర వేషానికి రాసిన తిట్లు

ఏడుకొండలవాడి మీద ఆన, మా ఊరి గంగమ్మ మీద ఆన, చదవబోయే మీ మీద కూడా ఆన: ఇందులో ఒక్క మాట అబద్ధం లేదు. నన్ను ఎరిగినవాళ్ళు ఇప్పటికే నవ్వుకుంటున్నారని తెలుసు. నవ్వుకోండి.

మా ఊరు చిత్తూరు నుంచి బస్సులో గంట దూరం. ఇది తొంభైల మధ్యలో సంగతి. అప్పటికి రెండేళ్ళుగా నేను చదువు నేర్చుకోమని ఊరూరా తిరిగి ఆడే నాటకాల బృందంలో ఉన్నాను. మా డప్పుల మోతకు సరిహద్దు అవతల తమిళ కోళ్ళు గుడ్లు పెట్టడం మానేశాయి. నమ్మకపోతే వెళ్ళి ఆ కోళ్ళనే అడగండి. ఆ డప్పు కొట్టేవాడు మా ఊరి చివరి కాలనీలో ఉండే తాపీ మేస్త్రి, నా ఈడువాడు. ఊళ్ళో నన్ను "సామీ" అనేవాడు. డప్పు మెడలో పడితేనో, నాటకం మాటొస్తేనో మాత్రం "అప్పా" అనేవాడు.

ఆ ఎండాకాలం కాలనీకి పంచాయతీ నీళ్ళు ఆగిపోయాయి. బోరు ఎండలేదు. కాలనీకి పోయే పైపు వాల్వుకు గొలుసు చుట్టి తాళం వేశారు. ఆ నీళ్ళు పక్కనున్న మామిడితోపులోకి పారుతున్నాయి. తోపు పంచాయతీ ప్రెసిడెంటుది. ప్రెసిడెంటు మా పెదనాయన, మా నాయనకు సొంత అన్న. కాలనీ ఆడవాళ్ళు మైలు దూరంలోని సేద్యపు బావి నుంచి కడవలు మోసుకొచ్చేవాళ్ళు. మేస్త్రి భార్య ఆ బావి మెట్ల మీద జారిపడి చెయ్యి విరగ్గొట్టుకుంది.

"నాటకం రాయప్పా" అన్నాడు మేస్త్రి.

మూడు రోజుల్లో నలభై పేజీలు రాశాను. వాళ్ళింటి అరుగు మీద కూర్చుని చదివి వినిపించాను. అందులో కథానాయకుడు పిడికిలి బిగించి దోపిడీ గురించీ చరిత్ర చక్రం గురించీ మాట్లాడతాడు. మేస్త్రి భార్య కట్టు కట్టిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని చివరిదాకా వింది.

"ఎవురు సామీ ఈయప్ప?" అంది.

"నాటకంలో హీరో."

"నీళ్ళు మోసినాడా ఎప్పుడన్నా?"

నేను పేజీలు వెనక్కి తిప్పి చూశాను.

"మోసుంటే ఇంతసేపు మాట్లాడడు. ఊపిరి యాడుంటాది?"

ఆ నలభై పేజీలను మళ్ళీ నేను చూడలేదు. ఆ రోజు వాళ్ళ పొయ్యి మీద టీ మాత్రం బాగా మరిగింది. తర్వాత ఆమె చెబుతూ పోయింది, నేను రాస్తూ పోయాను. నాటకం రెండు పేజీలకు దిగింది.

బడి ముందు ఆడదామని మైకు మాట్లాడుకుని వచ్చేసరికి పెదనాయన పిలిపించాడు.

"ఏమిరా, నాటకమంట?"

"అవును పెదనాయనా."

"ఎవురి మింద?"

"నీళ్ళ మింద."

"బడి కాడ ఆడేది లేదు. సావిడి కాడా లేదు. నేనుండేదాకా ఈ ఊర్లో యాడా లేదు. పో."

వచ్చేశాను. కానీ నాటకాన్ని ఆపాలంటే ముందు అది నాటకమని తెలియాలి కదా.

మా ఊరి గంగ జాతరలో ఒక పద్ధతి ఉంది. మొక్కుకున్న మగవాళ్ళు చీర కట్టి, ఒంటికి గంధం, బొగ్గు పూసుకుని, వేపమండలు పట్టుకుని ఇంటింటికీ వచ్చి ఇంటివాళ్ళను తిడతారు. వేషంలో ఉన్నంతసేపు వాళ్ళకు కులం లేదు, పేరు లేదు. వాళ్ళు గంగమ్మే. ఆ తిట్లు తింటే ఇంటికి పట్టిన పీడ పోతుందని నమ్మకం. ఎంత తిడితే అంత మేలు. వేషాన్ని ఆపినా, మధ్యలో ముఖం తిప్పుకుని లోపలికి పోయినా ఆ ఇంటికి ఏడాదంతా కీడు. మామిడి కాపు బాగుండాలని పెదనాయన ఏటా గడపలో చేతులు కట్టుకుని నిలబడి, "ఇంకా తిట్టు తల్లీ" అని అడిగి మరీ తిట్టించుకునేవాడు.

"వేషం కడతావా?" అని మేస్త్రిని అడిగాను.

"మొక్కు ఉండాల గదప్పా."

"మీ ఆమె చెయ్యి అతుక్కోవాలని మొక్కుకో."

"అది డాక్టరు అతికించేసినాడే."

"అయితే డాక్టరు చెయ్యి బాగుండాలని మొక్కుకో."

జాతర రోజు పట్టపగలు మేస్త్రి తన భార్య పెళ్ళిచీర కట్టుకుని పెదనాయన గడప ముందు నిలబడ్డాడు. వెనక ఊరు ఊరంతా ఉంది. ముందు పాత తిట్లు, ఏటా వినేవే. జనం నవ్వుతున్నారు. పెదనాయన దండం పెట్టి, "ఇంకా తిట్టు తల్లీ" అన్నాడు.

మేము కాచుకున్నది ఆ మాట కోసమే.

"ఏరా," అన్నాడు మేస్త్రి. "నా బిడ్డల నోటికి తాళం యేసినావంట. చెవి యాడ పెట్టినావు, మొలతాడుకా?"

జనం ఇంకా నవ్వుతున్నారు. పెదనాయన కూడా సగం నవ్వాడు.

"మామిడిచెట్టు దాహం నీకు ఇనబడె. కడవ మోసే ఆడదాని ఎగరొప్పు ఇనబడలా? దాని చెయ్యి ఇరిగిన సప్పుడుకు నీ తోపులో కుక్క లేసి మొరిగినాది. కుక్క లేసింది, నువ్వు లేయలా."

నవ్వులు ఆగిపోయాయి.

"రేపు నువ్వు సచ్చినాక నిన్ను కడిగే నీళ్ళు గూడా ఆ బోరువేరా. తీ తాళం."

 పెదనాయన పెద్దగా నవ్వి, మొలతాడుకు కట్టుకున్న తాళంచెవి విప్పి వేషం కొంగులో వేశాడు.

ఇక ఒప్పుకోవాలి. ఆ నవ్వు, ఆ తాళంచెవి నేను కల్పించినవి. పెదనాయన నవ్వలేదు. వేషానికి వీపు చూపించి లోపలికి పోయి తలుపు వేసుకున్నాడు. ఊరు అలాంటిది ఎన్నడూ చూడలేదు. మరునాడు పొద్దున మేస్త్రి ఉలి, సుత్తి తీసుకుని వాల్వు దగ్గరికి వెళ్ళాడు. అతని భార్య, కాలనీ ఆడవాళ్ళు ఖాళీ కడవలతో చుట్టూ నిలబడ్డారు. గంగమ్మకు తలుపు వేసినవాడి తరఫున అడ్డం రావడానికి పెదనాయన మనుషులు కూడా భయపడ్డారు. తాళం పగిలింది, నీళ్ళు వచ్చాయి. మళ్ళీ ఎవరూ ఆ వాల్వుకు గొలుసు చుట్టలేదు. ఊళ్ళో మాత్రం మేస్త్రికి ఎవరూ పని చెప్పలేదు. తిరుపతిలో లాడ్జీల కట్టుబడికి బస్సెక్కి పోయేవాడు. పెదనాయన పోయేదాకా నాతో మాట్లాడలేదు. చిన్నప్పుడు నన్ను భుజాల మీద ఎక్కించుకుని ఆ తోపంతా తిప్పింది ఆయనే. నవ్వి ఉంటే బాగుండునని, నేనే నవ్వించాను.

ఇది రాస్తున్నానని తెలిసి ఈమధ్య పెదనాయన కొడుకు ఫోన్ చేశాడు. "సచ్చిపోయినాయన గదన్నా, ఆ తిట్లన్నా కొంచెం మెత్తగా రాయి" అన్నాడు. కుదరదన్నాను. అవి నావి కావు, ఆ రెండు పేజీలు చెప్పి రాయించిన మేస్త్రి భార్యవి. మార్చాలంటే ఆమెను అడగమన్నాను. వాడు ఇంకా ఆ కాలనీలోకి అడుగు పెట్టలేదు.