గడప కాడ అవ్వ, గ్లాసులో గుడ్డు

ఎమ్మిగనూరులో మా మగ్గాల వీధి నుంచి హైస్కూలుకు పోయే ఆడపిల్ల నా కూతురు పార్వతి ఒక్కతే. ఈ పొద్దు బడి నుంచి గ్లాసు నీళ్లలో, సైన్సు పాఠం కోసం వెనిగర్‌లో నానబెట్టి పెంకు కరిగించిన కోడిగుడ్డు తెచ్చింది. నీసు ముట్టని మా ఇంట్లోకి గుడ్డు రాకూడదు. గడప కాడ కూర్చున్న మా అమ్మ కాలు అడ్డం పెట్టింది.

పార్వతి బెదరలేదు. "సూడవ్వా, ఈ పల్చటి పొర నీళ్లను లోపలికి ఇడుస్తాది, సొనను బయటికి పోనీదు. మన ఒంట్లో కంటికి కనపడని కణాలుంటాయి. ప్రతిదానికీ ఇట్లాంటి పొరే కాపలా."

"అంటే నా మాదిరేనా?"

"నీ మాదిరేనవ్వా. అయితే అది మేలు చేసేదాన్ని ఆపదు."

మగ్గం మీద నా చెయ్యి ఆగిపోయింది. అమ్మ కాలు మెల్లగా ముడుచుకునింది. గ్లాసు లోపలికొచ్చింది.

ఇన్నేండ్లుగా నా వల్ల కాని పని నా బిడ్డ చేసింది! మీ గడప కాసేదెవరో చెప్పండి, పార్వతిని పంపిస్తాను.