రొట్టె పళ్ళెం సువార్తక్కను దాటిపోయిన ఆదివారం

మా చిన్నప్పుడు, మేం వలసవచ్చిన సార్నియా అనే చలిదేశపు ఊళ్ళో ఒక ఆదివారం... నాన్న చేతిలోని రొట్టె పళ్ళెం సువార్తక్కను దాటి పక్కవాళ్ళ దగ్గరికి వెళ్ళిపోయింది. అక్క చాచిన చేయి అలాగే ఉండిపోయింది.

అప్పుడు నాకు పదకొండేళ్ళు. మొదట్లో మా తెలుగు సహవాసం అంటే అయిదు కుటుంబాలే. ఒక ఇంగ్లీషు చర్చి బేస్‌మెంట్‌లో మధ్యాహ్నం పూట కూడుకునేవాళ్ళం. ఆ తర్వాత ఊళ్ళోని కాలేజీకి మన తెలుగు పిల్లలు చదువుకు రావడం మొదలైంది... ఏడాది తిరిగేసరికి కుర్చీలు చాలక గోడవెంట నిలబడేవాళ్ళు. బస్సులు అంతంతమాత్రం. అందుకని నాన్నే మా వ్యాన్‌లో రెండు ట్రిప్పులు వేసి వాళ్ళను తెచ్చేవారు.

నాన్న సంఘ పెద్ద. పెద్దయ్యాక నీళ్ళలో మునిగి బాప్తిస్మం తీసుకున్నవాళ్ళే ప్రభువు బల్లలో, అంటే ఆ రొట్టె, ద్రాక్షరసంలో, పాలుపొందాలని ఆయన నమ్మకం. ఖమ్మం నుంచి చదువుకు వచ్చిన సువార్తక్కకు పసిపాపగా ఉన్నప్పుడే నెత్తిన నీళ్ళు చల్లి బాప్తిస్మం ఇచ్చారట. ఆ సంగతి మాటల్లో తనే నాన్నకు చెప్పింది... అంతే.

ఆ రోజు ఇంట్లో ఎవరం సరిగ్గా తినలేదు.

"అందరి ముందూ ఆ పిల్లను అలా వదిలేస్తారా?" అంది అమ్మ.

"నేను పెట్టిన నియమమా అది? నమ్మినదాన్ని ఎలా కాదనను?" అన్నారు నాన్న.

వారమంతా సంఘం ఫోన్ గ్రూపులో మెసేజ్‌లే. మేం కాక మిగిలిన పాత కుటుంబాలు కూడా అటు రెండు, ఇటు రెండు. ఫోన్ మోగితే అమ్మ ఉలిక్కిపడేది. చివరికి స్టూడెంట్స్ వేరే హాలు మాట్లాడుకున్నారని, ఈ ఆదివారం వచ్చి ముఖాముఖి చెప్పి వెళ్ళిపోతారని తెలిసింది.

ఆ ఆదివారం విపరీతమైన మంచు. నాన్న ఎప్పటిలాగే వ్యాన్ తీశారు. పక్కన నేను. స్టూడెంట్స్ ఉండే ఇంటికి తాళం వేసి ఉంది. రెండు వీధుల అవతల, మంచులో నడిచి వెళ్తూ కనిపించారు... తొమ్మిది మంది. నాన్న అద్దం దించారు.

"ఎక్కండమ్మా, గడ్డకట్టుకుపోతారు."

"మేం నడుస్తం అంకుల్." సువార్తక్క తల కూడా తిప్పలేదు.

నాన్న వాళ్ళ నడకతో సమానంగా వ్యాన్ పోనిచ్చారు. వెనక కారు హారన్ కొట్టింది. ఒక్కరూ ఎక్కలేదు. నాకు ఏడుపొచ్చేసింది. "డాడీ, ప్లీజ్ స్టాప్" అన్నాను.

నాన్న ఏదో షాపు పార్కింగ్‌లో వ్యాన్ ఆపేసి, నా చేయి పట్టుకుని వాళ్ళ వెనకే నడవడం మొదలుపెట్టారు. నెత్తిన టోపీ కూడా లేదు. దారంతా బూట్ల కింద మంచు నలిగే చప్పుడే. చర్చి మెట్ల దగ్గర సువార్తక్క ఆగి వెనక్కి చూసింది.

"మీ చెవులు ఎర్రగైనయ్ అంకుల్" అంది మెల్లగా.

రొట్టె విరిచే వేళకు నాన్న ముందుకెళ్ళి నిలబడ్డారు. "నా నమ్మకం మారలేదు. మారిందని అబద్ధం చెప్పను. కానీ ఈ బల్ల ప్రభువుది. పోయినవారం నేను దానికి కాపలావాడినయ్యాను. క్షమించమ్మా, సువార్తా. ఇక పళ్ళెం నేను పట్టను. ఎవరి మనస్సాక్షి వాళ్ళది."

వచ్చి వెనక వరసలో, అక్క పక్కన కూర్చున్నారు.

ఈసారి ఇంకో అంకుల్ పళ్ళెం తెచ్చారు. అక్క రొట్టె తీసుకుని, పళ్ళెం నాన్నకు అందించింది. అక్క చేతి నుంచి ఆయన తీసుకుంటారా అని అందరూ అటే చూశారు. నా భుజం మీద అమ్మ వేళ్ళు బిగుసుకున్నాయి. నాన్న చాలాసేపు దాన్నే చూస్తూ ఉండిపోయారు... తర్వాత ఒక ముక్క తుంచుకున్నారు.

వేరే హాలు మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. అలాగని వాదన ఆగిందా... లేదు! ప్రతి ఆదివారం అమ్మ చేసిన పులిహోర తింటూ నాన్న, సువార్తక్క బాప్తిస్మం గురించి గంటలు గంటలు పోట్లాడుకునేవాళ్ళు.

ఇప్పుడు సువార్తక్క ఇదే దేశంలో ఇంకో ఊరు కేంబ్రిడ్జ్‌లో, నేను చదువు కోసం వేరే నగరం ఎటోబికోలో. ఇక్కడ మాట తేడా వస్తే చాలు, గ్రూపులోంచి లెఫ్ట్... నెల తిరగకముందే కొత్త పేరుతో ఇంకో సహవాసం. ఒకే గదిలో కూర్చుని గొడవపడే ఓపిక మనలో ఎప్పుడు తగ్గిపోయిందో...

మీ సంఘం కూడా ఎప్పుడైనా తెగేదాకా వచ్చి నిలబడిందా? ఎవరు ఒక మెట్టు దిగారు? చెప్పండి, వినాలని ఉంది.