మామ్మగారి పెరట్లో తుక్కు

ఆ రోజుల్లో చెత్తకి రంగురంగుల డబ్బాలు ఉండేవి కావు. తడిది వేరు, పొడిది వేరు అని ఎవరికీ తెలియదు. ఉన్న ఆ ఒక్క మాటతోనే అన్ని పనులూ జరుపుకునేవాళ్ళం. విశాఖపట్నంలో మా నాన్నగారు నా చేతిరాతను చెత్త అనేవారు, పక్కింటివాళ్ళ రేడియోను చెత్త అనేవారు, నాకోసం వచ్చిన సంబంధాల్ని కూడా చెత్త అనే అనేవారు (ఇరవై మూడేళ్ళొచ్చినా నాకు పెళ్ళి కాకపోవడానికి ఆ మాటే కారణమని మా అమ్మ వాదన). ఏదైనా ఒకసారి చెత్త అనిపించుకుందంటే మా ఇంట్లో దానికింక చోటు లేదు, అది ఆ పూటే గుమ్మం దాటాలి. ఈ శిక్షణంతా వెంటపెట్టుకుని డెబ్బైల చివర్లో, ఆ ఏటి వానలు వెళ్ళిపోయాక, రాజోలు దగ్గర ఒక ఊళ్ళో టీచరుగా చేరాను.

అక్కడ చెత్తని తుక్కు అనేవారు. వాకిట్లో ఊడ్చేది తుక్కు, పొయ్యిలో పెట్టేది తుక్కు. ఇద్దరు కొట్టుకుంటే ఒకణ్ణి ఇంకొకడు "తుక్కు కింద కొట్టేడండి" అని చెప్పుకునేవారు. మా బడిలో పెద్ద మేష్టారు పైనుంచి వచ్చే కాగితాలన్నిటికీ ఆ పేరే పెట్టి, వాటిని మాత్రం ఎంతో భద్రంగా బీరువాలో దాచేవారు. మోకాళ్ళ నొప్పి ఉన్నవాళ్ళని ఎలా ఉందని అడిగితే "ఒళ్ళు తుక్కైపోయిందండి" అనేవారు. ఆ మాటను అక్కడివాళ్ళు పారేసేవాటికంటే దాచుకునేవాటికే ఎక్కువగా వాడతారన్న సంగతి గమనించేంత తెలివి అప్పటికి నాకు లేదు. శుభ్రం మీద మాత్రం మహా పట్టుదల ఉండేది.

నేను అద్దెకున్న ఇల్లు ఒక రిటైరైన టీచరుగారిది. ఆవిడ అదే బడిలో ఊరి సగానికి అక్షరాలు దిద్దించారు. భర్త పోయారు, పిల్లలు లేరు. ఊరంతా మామ్మగారు అనేవారు కనుక నేనూ అలాగే పిలిచేదాన్ని. వీధివైపు గది నాది, వెనక రెండు గదులూ ఆవిడవి, మధ్యలో ఎప్పుడూ మూసి ఉండే తలుపు. పొద్దున్న వాకిట్లో ఎదురైతే "కాఫీ తాగేరాండీ" అనేవారు, సాయంత్రం "వచ్చేరాండీ" అనేవారు. అంత మర్యాదకి బదులుగా ఇంకేం మాట్లాడాలో తోచేది కాదు. శనివారం బడి వదిలితే మళ్ళీ సోమవారం గంట కొట్టేదాకా నన్ను పలకరించే మనిషి లేడు. ఒక ఆదివారం అసలు నా గొంతు పని చేస్తోందో లేదో చూసుకుందామని రెండో ఎక్కం పైకి అప్పజెప్పుకున్నాను. రెండు తొమ్మిదులు పద్దెనిమిది దగ్గర ఏడుపొచ్చింది. పిల్లల చేత ఎక్కాలు చెప్పించి బతికేదాన్ని, నా ఎక్కం వినేవాళ్ళు లేక ఏడ్చాను. ఆ మధ్య తలుపు తెరుచుకుని మామ్మగారు నన్ను పేరు పెట్టి ఒక్కసారి పిలిస్తే చాలనిపించేది.

అందుకు ఏదైనా మంచి పని చేసి ఆవిడ మెప్పు పొందాలనుకున్నాను. మంచి పని అంటే నాకు తెలిసింది ఒక్కటే. పెరట్లో బావి అవతల నడుమెత్తున ఒక పోగు ఉండేది. ఎండిన కొబ్బరి మట్టలు, కాయ మీంచి ఒలిచిన పీచు డొక్కలు, ఈనెలు చీరేసిన ఆకులు, వాటిమీద తడవకుండా తాటాకుల కప్పు. ఒక్క మనిషి, ఒక్క పొయ్యి. అది పదేళ్ళకి కూడా తరిగేది కాదు. అయినా మామ్మగారు రోజూ తెల్లవారగానే రాలిన మట్టని ఈడ్చుకొచ్చి దాని మీద వేసేవారు. పాపం, పెద్దావిడ, పారబోసే ఓపిక లేక అలా వదిలేశారని తీర్మానించుకున్నాను. అందులో పాములున్నాయని కూడా తీర్మానించుకున్నాను (ఏడాదిన్నరలో నాకు కనిపించింది ఒక్క ముంగిస). బడులు తెరిచిన కొత్తలో, ఇంకా వానలు పడక ముందు, ఒక ఆదివారం ఆవిడ చర్చికి వెళ్ళడం చూసి, కప్పు లాగేసి, అగ్గిపుల్ల గీశాను.

ఎండు కొబ్బరి డొక్క ఎలా మండుతుందో విశాఖపట్నంలో ఎవరూ నాకు చెప్పలేదు. నేను రెండడుగులు వెనక్కి వేసేలోగా పొగ కొబ్బరిచెట్ల మొవ్వుల దాకా లేచింది. వెనకింటి పెద్దాయన బిందెతో పరుగెత్తుకొచ్చారు. ఆయన వెనక మరో నలుగురు.

"ఏవండీ టీచరుగారూ, అగ్గెలా అంటుకుందండీ?"

"నేనే అంటించానండీ. మామ్మగారు వచ్చేలోపు శుభ్రం చేద్దామని."

"ఆయ్," అన్నారాయన. బిందె కింద పెట్టి, కాసేపు మంటకేసి చూసి, మళ్ళీ "ఆయ్" అన్నారు. పక్కనున్న ఆవిడ, "బాగానే మండుతుందండి," అంది. అంతమంది నా పని మెచ్చుకోడానికి నిలబడ్డారనుకుని చెమట తుడుచుకుంటూ అందరికేసీ చూసి నవ్వాను. అన్ని నెలల్లో నా చుట్టూ అంతమంది చేరడం అదే మొదలు.

మామ్మగారు తెల్లచీరతో, చేతిలో బైబిలుతో వచ్చేసరికి బూడిద మిగిలింది. "అంతా మీరొక్కరే చేసేరాండీ? చేతులు కాలలేదు కదండీ?" అన్నారు. లోపలికి వెళ్ళిపోయారు. మర్నాటి నుంచి "కాఫీ తాగేరాండీ" కూడా లేదు.

వారం తిరక్కుండా ముసురు పట్టింది. అప్పుడు పెద్ద మేష్టారు, నేను నొచ్చుకుంటానేమో అన్నట్టు కిటికీ వైపు చూస్తూ, విషయం చెప్పారు. ముసుర్లో ఊరంతా తడిసిపోయి పొయ్యి రాజుకోకపోతే, చుట్టుపక్కల ఇళ్ళవాళ్ళు మామ్మగారి పెరటికి డొక్కల కోసం వస్తారట. ఎన్నో ఏళ్ళుగా అంతేనట. నేను ఆ సాయంత్రమే మధ్య తలుపు తట్టాను. బండెడు డొక్కలు ఎక్కణ్ణుంచైనా తెప్పిస్తానని గడగడా చెప్పేశాను.

"తుక్కు పోతే పోయిందండి," అన్నారు మామ్మగారు. "చెట్లున్నన్నాళ్ళు తుక్కుకేం లోటండి. డొక్కలకని వచ్చినోళ్ళు వాన తగ్గేదాకా అరుగు మీద కూర్చునేవోరండి. ఏడాదిలో మా ఇంటికి మనుషులొచ్చేది ఆ రెండు నెలలేనండి. ఊరికే రమ్మంటే ఎవరొస్తారండి?"

"నాకు తెలీదండీ. అడుగుదామంటే ఈ తలుపు ఎప్పుడూ గడియ వేసి..." అని ఏడ్చేశాను.

"గడియెక్కడిదండీ దానికి. తోస్తే వస్తదండి," అన్నారావిడ ఆశ్చర్యంగా. "పట్నం పిల్ల, నాలాంటి ముసిల్దాంతో ఏం మాట్లాడతారులే అని నేనే ఇటు రాలేదండి."

ఆ వానాకాలం ఊళ్ళోవాళ్ళెవరూ ఆ అరుగు మీద కూర్చోలేదు. వెనకింటి పెద్దాయన ఒక్కరు మాత్రం అలవాటు కొద్దీ గొడుగేసుకుని వచ్చి, ఖాళీ చోటు చూసి, "ఆయ్, మర్చిపోయేనండి," అని వెళ్ళిపోయారు. ఆయన వీధి మలుపు తిరిగేదాకా మామ్మగారు చూస్తూ నిలబడ్డారు. నేను నా కిరసనాయిలు స్టవ్వు ఆవిడ వంటింట్లోకి మార్చాను. రోజూ సాయంత్రం ఇద్దరం అరుగు మీద కూర్చుని వాన చూసేవాళ్ళం. ఇద్దరం ఒంటరివాళ్ళమే, కానీ ఒకరికొకరం సరిపోయామని అబద్ధం చెప్పలేను. ఆవిడ చెవి ఎప్పుడూ వీధి వైపే ఉండేది. నాకు బదిలీ అయిన రోజున కూడా "వెళ్ళొస్తారాండీ" అన్నారు తప్ప పేరు పెట్టి పిలవలేదు. ఉత్తరాలు కొన్నాళ్ళు నడిచి ఆగిపోయాయి.

ఇప్పుడు మామ్మగారి వయసు నాకూ వచ్చింది. అపార్టుమెంటులో ఒక్కదాన్నే ఉంటున్నాను. బాల్కనీలో పాత అట్టపెట్టెలు మడతపెట్టి దాస్తుంటే, ఈ చెత్తంతా ఎందుకని చుట్టాలు విసుక్కుంటారు. మొన్న కింది అంతస్తులో అమ్మాయి ఇల్లు మారుతూ, "అట్టపెట్టెలేమైనా ఉన్నాయా ఆంటీ?" అని వచ్చింది. నా దగ్గర ఎనిమిదున్నాయి. కూర్చోబెట్టి, కాఫీ ఇచ్చి, రెండు పెట్టెలు చేతిలో పెట్టి, మిగతావి వెతికి ఉంచుతానని చెప్పి, రేపు రమ్మన్నాను.