ఆంజనేయులు సారు తీర్చిన ముయ్యి

ఆంజనేయులు సారుకు ఉన్నది ఒకటే జబ్బు. ఎవరి సెలవు దినాన్నయినా తను తీసుకున్నాడంటే, ఆ దినాన్ని వాళ్ళింటికి పోయి తిరిగి ఇచ్చేదాకా ఆయనకు ముద్ద దిగదు. బాకీ తీర్చేవాణ్ణి మెచ్చుకోవాలి గానీ జబ్బంటారేమిటని మీరు అడగొచ్చు. ఆయన తీర్చే తీరు ఒక్కసారి చూసినవాళ్ళెవరూ ఆ మాట అడగరు.

పెనుకొండ దగ్గర కార్ల సీట్లు కుట్టే ఫ్యాక్టరీ ఒకటుంది. హిందూపురం నుంచి, ధర్మవరం నుంచి, చుట్టుపక్కల పల్లెల నుంచి జనం బస్సుల్లో వచ్చి కుడతారు. వారానికి ఒక దినం ఆఫ్. ఎవరికి ఏ దినమో గోడ మీద అంటించి ఉంటుంది. అంటించి ఉంటుంది గానీ, సాయంత్రమయ్యేసరికి మరుసటి రోజుకు లైనులో ఎవరో ఒకరు తక్కువ పడతారు. "రేపు ఆఫ్‌లో ఉన్నవాళ్ళను ఎవరినైనా రమ్మను" అంటాడు మేనేజరు ప్రసాద్. సూపర్‌వైజరు ఆంజనేయులు ఫోన్ చేస్తాడు. అందరూ కాంట్రాక్టు మనుషులే, రామని చెప్పే ధైర్యం ఎవరికుంది?

ఇంతవరకూ ఎక్కడైనా జరిగేదే. ఆపైనదంతా ఆంజనేయులు సారు సొంతం. తన ఆఫ్ రోజున ఆ పిలిచినవాళ్ళింటికి బండేసుకుని పోతాడు. మెడలో ఐడీ కార్డు, ఒంటి మీద నారింజ రంగు సేఫ్టీ కోటు, కాళ్ళకు ఫ్యాక్టరీ బూట్లు. "మీ దినం నేను తీసుకుంటి. నా దినం మీకిస్తా. పనేముండాదో చెప్పండి" అంటాడు. చేలల్లో ఒకరి పనికొకరు పోయి దినానికి దినం తీర్చుకోవడాన్ని ఆ పక్క ముయ్యి అంటారు. కలుపులకూ కోతలకూ ఉండే ముయ్యిని తెచ్చి ఫ్యాక్టరీకి తగిలించిన మహానుభావుడు ఈయనొక్కడే!

మొదట కిరణ్ అనే కుర్రవాడి ఇంటికి పోయాడు. కిరణ్ నాయన రామన్నకు గొర్రెలున్నాయి. "నువ్వు పడుకో మామా, నేను మేపుకొస్తా" అని తోలుకుపోయి పొద్దు గూకేసరికి తోలుకొచ్చాడు. రామన్న మందను ఎంచి చూసుకుని నెత్తిన చేతులు పెట్టుకున్నాడు.

"ఏం నాయనా, గొర్రె పోయిందా?" అన్నాడు కిరణ్.

"పోయింటే ఏడ్చి ఊరుకుందుము కదరా. ఒకటి ఎక్కువొచ్చింది!"

"తక్కువైతే తప్పు గానీ, ఎక్కువైతే తప్పేముంది మామా?" అన్నాడు ఆంజనేయులు సారు. ఆ గొర్రె ఎవరిదో కనుక్కోవడానికి రామన్న చుట్టుపక్కల పల్లెలన్నీ తిరిగి, పోయిన ప్రతిచోటా దొంగ అనిపించుకుని వచ్చాడు.

తర్వాత హిందూపురంలో సుకన్య ఇల్లు. చింతపండు కొట్టి గింజలు తీసే పని. సుకన్య షిఫ్టు దిగి వచ్చేసరికి గింజలన్నీ శుభ్రంగా డబ్బాలో ఉన్నాయి. చింతపండు ఎనుము ముందర ఉంది. ఆ ఎనుము చింతపండు వైపూ సుకన్య వైపూ మార్చి మార్చి చూస్తోంది.

ధర్మవరంలో రేష్మ వాళ్ళది మగ్గం ఇల్లు. పట్టుదారం కండెలకు చుట్టిపెడతానని కూర్చున్నాడు. సాయంత్రానికి మంచంకోళ్ళూ, రేష్మ మామగారి కళ్ళజోడూ కూడా ఆ దారంలో కలిసిపోయాయి. ఆ పెద్దాయన కళ్ళజోడు వెతుక్కోవడానికి కళ్ళజోడు లేక రాత్రిదాకా కూర్చున్నాడట.

ఆ దెబ్బతో ఆంజనేయులు సారు ఫోన్ వస్తే జనం మాట్లాడే పద్ధతే మారిపోయింది.

"సార్, డ్యూటీకి వస్తాం. కావాలంటే రెండు షిఫ్టులు చేస్తాం. మీరు మాత్రం మా ఇంటికి రావద్దు సార్, మీకు దండం పెడతా."

"అదెట్లమ్మా? ముయ్యి ముయ్యే కదా."

ఇంట్లో పెద్దవాళ్ళు ఊరుకుంటారా? రామన్న ఆ ఎక్కువొచ్చిన గొర్రెతో సహా ఫ్యాక్టరీ గేటుకాడికి వచ్చాడు. సుకన్య అత్త గింజల డబ్బా తెచ్చి మేనేజరు బల్ల మీద బోర్లించింది. ప్రసాద్ మొదట్లో నవ్వాడు, తర్వాత తల పట్టుకున్నాడు.

"ఎందుకు పోతావయ్యా వాళ్ళ ఇళ్ళకు?"

"దినం తీసుకుంటే తిరిగియ్యాల కదా సార్. తీసుకోమని మీరంటిరి. ఇచ్చేది నేను చూసుకుంటాండా."

ఇట్లా ఉండగా ఒక సాయంత్రం, అదే ఫ్యాక్టరీలో కుట్టే మల్లికకు ఫోన్ వచ్చింది.

మల్లిక ఊరు పెనుకొండకు అవతల. ఇంట్లో ఆమె, అవ్వ అంజినమ్మ, అంతే. ఉన్న కాస్త చేనులో వేరుశనగ వేశారు. వానలు సరిగా లేని ఏడు, అయినా కాయ నిలబడింది. చెట్లు పీకి చేనులోనే ఆరబెట్టి, మల్లిక ఆఫ్ రోజున కుప్పగా పేర్చి వామి వేద్దామని కాచుకుని ఉన్నారు. ఆ ఫోన్ వచ్చేటప్పటికి ఆకాశం నల్లగా కమ్ముకొస్తోంది.

"సార్, రేపు వామి వేసుకోకుంటే పంటంతా నీళ్ళపాలు. ఊళ్ళో అందరిదీ ఇదే గత్తర, కూలోళ్ళు దొరకరు. ఈ ఒక్కసారి వదిలేయండి సార్."

ఆంజనేయులు సారు గొంతు తగ్గించాడు. "మేనేజరు సార్ నీ పేరే చెప్పినాడమ్మా. వచ్చే నెల కాంట్రాక్టు రాసేది ఆయనే. నువ్వు డ్యూటీకి పో. రేపు నా ఆఫే. తెల్లారి మీ ఇంటికాడ ఉంటా."

మల్లికకు ఇప్పుడు వాన ఒక పక్క, ఆంజనేయులు సారు ఒక పక్క. వాననైనా దేవుడు దారి మళ్ళించొచ్చు, ఈయన్ను ఆపే నాథుడు ఎవడు?

మరునాడు ఆమె కుట్టిన సీట్లలోకి ఎక్కినంత దుఃఖం ఇంకే కారుకీ ఎక్కి ఉండదు. మిషన్ తొక్కుతున్నంతసేపూ కిటికీలోంచి మబ్బు వైపే చూపు. ఆయప్ప కాయలు పారేసి ఆకులు దాస్తాడో, ఎవరి చేను చెట్లో తెచ్చి మన వామిలో కలుపుతాడో! షిఫ్టు దిగి బస్సు ఎక్కేసరికి చినుకులు మొదలయ్యాయి. ఊరి దగ్గర దిగి, చెప్పులు చేతబట్టుకుని చేనుకు పరుగెత్తింది.

చేనులో ఒక్క చెట్టు లేదు. గట్టు మీద వామి ఉంది. కాయలన్నీ లోపలికి, ఆకులన్నీ బయటికి, నీళ్ళు జారిపోయేటట్టు గుండ్రంగా కట్టిన వామి. పైన టార్పాలిన్, మూలలకు రాళ్ళు. పక్కన కొట్టం కింద ఆంజనేయులు సారు మజ్జిగ తాగుతున్నాడు. అవ్వ ఆయన్ను పెళ్ళికొడుకును చూసినట్టు చూస్తోంది.

"ఎవరేసినారవ్వా?"

"ఇంకెవరు, ఈయప్పే! నేను పుట్టి బుద్ధెరిగినాక ఇట్లాంటి వామి చూడల్యా. నేను అందిస్తాంటే చకచకా పేర్చేసినాడు."

మల్లిక ఆయన వైపు తిరిగింది. "సార్, ఇంత పని వచ్చినోడివి, రామన్న మామ గొర్రెల్ని అట్లెందుకు చేస్తివి?"

సారు దొరికిపోయిన దొంగ మాదిరి తల గోక్కున్నాడు. "పక్క మందలోని గొర్రెను మన మందలోకి తోలేసరికి నా తల ప్రాణం తోకకొచ్చిందమ్మా."

"కావాలనే తోలినావా?"

"మరేం చేయాల? నేను ఫోన్ చేయనంటే ఇంకొకణ్ణి పెడతారు, వాడు చేస్తాడు. మీరు రామని చెప్పలేరు. అదే మీ ఇండ్లలో పెద్దోళ్ళు పోయి, ఈయప్ప మా కొంప ముంచినాడని అరిస్తే మేనేజరు ఏం చేస్తాడు? సుకన్యకు మా చెట్టు చింతపండు తెచ్చి గడపలో పెట్టింది నేనే లే. మొన్న ప్రసాద్ సార్ విసుగొచ్చి అననే అన్నాడు, ఇంకొక్కరు వచ్చి మొర పెట్టుకుంటే ఈ ఆఫ్‌లో పిలిచేదే ఎత్తేస్తానని."

"అట్లయితే ఈపొద్దు మాది పాడు చేసింటే పనైపోతాండె కదా సార్!"

"పాడు చేయాలనే వచ్చినా. మబ్బును చూసినా, మీ అవ్వ ముఖం చూసినా. చేతులు రాల్యా. చింతపండంటే ఇంకోటి తెస్తా. మీ ఏడాది పంట యాడ తెచ్చేది?"

మల్లికకు ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి. నిన్నటి నుంచి ఈయన్ను మనసులో ఎన్నెన్ని తిట్లు తిట్టిందో తలచుకుంటే సిగ్గేసింది. అందరికీ ఆఫ్ దక్కించే అవకాశం చేతికి అందివస్తే, తన చేను కోసం వదిలేసుకున్నాడు.

అవ్వకు సిగ్గూ లేదు, ఏడుపూ లేదు. లేచి కొంగు దోపుకుంది. "మొర పెట్టుకునేదానికి పంట పాడు కావాల్నా? నోరుంటే చాలదా? మ్మే మల్లికా, రేపు నన్ను ఫ్యాక్టరీకి తోడుకొని పో."

మరునాడు అంజినమ్మ మేనేజరు గదిలోకి వట్టి చేతులతో పోలేదు. పక్కింటివాళ్ళ దిబ్బలో కుళ్ళిన వేరుశనగ చెట్ల మోపు ఒకటి పట్టుకుపోయింది. దాన్ని బల్ల మీద పెట్టి శోకాలు మొదలుపెట్టింది.

"చూడప్పా, మా పంట చూడు! నా మనవరాలిని మీరు పిలిపిస్తిరి, ఈయప్ప వచ్చి చేనంతా వానకిచ్చిపాయె! వామి వేసేది రానోడు మనిషేనా? వీణ్ణి కన్న నాయనకన్నా వచ్చో రాదో! ఆ నాయన నాకు కనపడితే చెప్పు తీసుకుంటా!"

ఆంజనేయులు సారు నేల చూపులు చూస్తూ నిలబడ్డాడు. మల్లిక నవ్వు ఆపుకోలేక కొంగు నోట్లో కుక్కుకుంటే, పాపం ఏడుస్తోందనుకున్నాడు ప్రసాద్.

"చాలమ్మా, చాలు. ఇంకమీదట ఎవరినీ ఆఫ్‌లో పిలవం. మనుషులు తక్కువ పడితే పనికొచ్చేటట్టు కొత్తవాళ్ళను తీసుకుని సిద్ధంగా పెట్టుకుంటాం. కాంట్రాక్టు గురించి నీ మనవరాలికేం భయం లేదు. ఆంజనేయులూ, నువ్వు ఇంక ఎవరి చేనులోనూ కాలు పెట్టొద్దు."

ముగ్గురూ తలలు వంచుకుని బయటికి నడిచారు. గేటు దాటాక ఆంజనేయులు సారు ఆగాడు. పని గెలిచిన సంతోషం ముఖంలో ఉంది గానీ, మూతి కొంచెం ముడుచుకునే ఉంది.

"అవ్వా, నన్ను ఎన్నన్నా పడతా. మా నాయన్ను ఎందుకంత మాటంటివి? నాకు వామి వేసేది నేర్పిందే ఆయన."

"తెలీక కాదప్పా, అంత మాటంటేనే మేనేజరు నమ్ముతాడని అంటి," అంది అంజినమ్మ, కొంగుతో ముఖం తుడుచుకుంటూ. "రేపు నన్ను మీ ఇంటికి తోడుకొని పో. ఆ మహానుభావుడి కాళ్ళు మొక్కొస్తా."