గుంత మీద నా బరువు

చింతామణి నుంచి శిడ్లఘట్టకు వెళ్తుంటే మా ఆటోకు ఏనుగు మునిగేంత గుంత అడ్డొచ్చింది. సరే, ఏనుగు కాదు, బాతు. కానీ నిండా వాన నీళ్లు. రోడ్డు పనివాళ్లు బండ్లన్నీ ఆపేసి, ఏవో బస్తాలు విప్పుతున్నారు.

నా పక్కన పట్టుగూళ్ల మూటలతో రత్నమ్మ కూర్చుంది. వేలం మొదలయ్యేలోపు ఆమె మార్కెట్టు చేరాలి.

"తడిలో తారు నిలవదు. ఎండేదాకా ఆగాల్సిందే. నేను రోడ్ల ఇంజనీరుని" అన్నాను. నిజానికి రాజమండ్రిలో నాది బట్టల కొట్టు. పాపం, ఆమె ముఖం వాడిపోయింది.

మేస్త్రీ నవ్వాడు. "ఇది కొత్త రకం తారప్పా. కాచే పనే లేదు, నీళ్లలోనే పోసేది."

బస్తా కుమ్మరించగానే నీళ్లు పక్కకు పొర్లాయి. దిమ్మిసతో కొట్టి దారి వదిలాడు. గుంత దగ్గర ఆటో తేలికవ్వాలని మా ఊరి అలవాటు కొద్దీ దిగబోయాను.

"దిగొద్దప్పా! బండి బరువుగా పోతేనే ఇది గట్టిపడేది."

రత్నమ్మ నన్ను ఎగాదిగా చూసింది. "ఈయప్ప ఉండాడు కదా, ఇంక రోలరెందుకు?"

రొమ్ము విరుచుకుని కూర్చున్నాను. ఆటో ముందుకీ వెనక్కీ రెండుసార్లు తొక్కింది. అతుకు కుంగలేదు!

మార్కెట్టు చేరేసరికి వేలం ఇంకా మొదలవలేదు. మూటలు దించుతూ రత్నమ్మ అక్కడివాళ్లకు నన్ను చూపించి, "దావలో గుంత పూడ్చింది ఈయప్పే" అంది.

ఆ మాట మాత్రం నేను కాదనలేదు.