తూఫాన్‌ను కట్టేసిన రంజాన్

ఇవాళ పొద్దున కుక్కర్లో ఉలవలు ఉడుకుతుంటే ఆ మట్టి వాసన హాలు దాకా వచ్చింది. మా పిల్లలకు అది ఉలవచారు వాసన. నాకు మాత్రం పాత ఊళ్లో, పూర్ణా మార్కెట్ వెనక సందులో ఉండే మా గుర్రాల సాల వాసన. తెల్లారేసరికి పెద్ద డేగిసాలో ఉడికిన ఉలవలూ, తడిసిన పచ్చగడ్డీ, హార్బరు మీదుగా వచ్చే ఉప్పుగాలీ కలిసి మా బట్టలకు పట్టేసేవి. విరిగిన లాడం ముక్కను బిళ్లగా చేసుకుని నేనూ చెల్లీ సాల ముందు తొక్కుడుబిళ్ల ఆడేవాళ్లం.

మా అబ్బా పెళ్లి ఊరేగింపులకు గుర్రాలిచ్చేవాడు. వాటిలో తూఫాన్ అనే మగగుర్రం నల్లగా నిగనిగలాడేది. ఎదకొచ్చిన ఆడగుర్రాలను దాటించడానికి సింహాచలం నుంచీ, పరవాడ నుంచీ కూడా తోలుకొచ్చేవాళ్లు. అప్పుడు అమ్మీ మమ్మల్ని లోపలికి నెట్టి తలుపేసేది.

ఒక ఏడాది రంజాన్ నెల మొదలైన కొత్తలో, అబ్బా స్నేహితుడు అప్పలరాజు సింహాచలం నుంచి దిగులుగా వచ్చాడు. తూఫాన్‌తో దాటించిన ఆయన గుర్రం గౌరికి చూలు నిలవలేదు, పైగా తెల్లగా ఏదో కారుతోంది. అబ్బా పశువుల డాక్టరమ్మను పిలిపించాడు. ఆవిడ రెండు గుర్రాలకూ దూదిపుల్లలతో నమూనాలు తీసి పరీక్షకు పంపింది. ఫలితం వచ్చాక సాలలోనే నిలబడి చెప్పింది: ఇది గుర్రాల సుఖవ్యాధి, మగగుర్రం ఒంటి మీద ఏ గుర్తూ ఉండదు, దాటిన ఆడగుర్రాలకు మాత్రం అంటిస్తుంది.

ఆ మాట నేను గోడల మీద ప్రకటనల్లో కూడబలుక్కుని చదివేదాన్ని. “సుఖవ్యాధంటే ఏటి అబ్బా?” అని అందరి ముందూ అడిగేశాను. అమ్మీ నా నోరు మూసింది.

“అడగనీ. గుర్రానికి సిగ్గేటి? దాసిపెడితే సిగ్గు మనకి,” అన్నాడు అబ్బా.

అప్పలరాజు నెమ్మదిగా, “బావా, ఊరంతా సెప్పుకుంటే రేపు నీ గుమ్మం ఎవుడు తొక్కుతాడు? మందేసుకుని ఊరుకో,” అన్నాడు.

“ఊరుకుంటే ఆ ఆడగుర్రాలు ఇంకో మగగుర్రం కాడికెల్తాయి. అది ఇంకెన్నిటికి అంటిత్తాదో. పండగలోపు అందరికీ నానే సెప్తాను.”

ఉపవాసంతోనే, మండుటెండలో సైకిలు మీద, బడికి సెలవులు కాబట్టి నన్ను వెనక కూర్చోబెట్టుకుని తిరిగాడు. కొందరు నవ్వారు, కొందరు నమ్మలేదు. పరవాడలో ఒకాయన అబ్బా చొక్కా పట్టుకున్నాడు. “నా గుర్రాన్ని పాడుసేసి ఇప్పుడొచ్చి సెప్తావేటి?” అని అరిచాడు. అబ్బా చేయి విడిపించుకోలేదు. “తిట్టు బావా. తిట్టాక మాత్రం డాక్టరమ్మ కాడికి తోలుకెల్లు,” అన్నాడు. తిరిగొస్తూ దారిలోనే ఉపవాసం విడిచే వేళ అజాన్ వినిపిస్తే, రోడ్డు పక్కన సైకిలాపి, జేబులోని ఖర్జూరాన్ని సగం చేసి నాకిచ్చాడు. ఆయన పెదవులు ఎండిపోయి పగిలి ఉన్నాయి.

సాలలో ప్రతి గుర్రానికీ విడిగా బకెట్టూ, గుడ్డా పెట్టాడు. చేతులకు తొడుగులేసుకుని తూఫాన్‌ను మందునీళ్లతో కడిగి, పూతమందు రాసేవాడు. అది తన్నితే కుంటుకుంటూ మళ్లీ దగ్గరికే వెళ్లేవాడు. పండగనాడు కూడా ఆ పని ముగించాకే కొత్త బట్టలేసుకుని నమాజుకు వెళ్లాడు. అమ్మీ చేసిన షీర్‌ఖుర్మా చల్లారిపోయింది. మళ్లీ మళ్లీ చేయించిన పరీక్షల్లో జబ్బు లేదని తేలేదాకా తూఫాన్ దగ్గరికి ఏ గుర్రాన్నీ రానివ్వలేదు. కొందరు అటు తర్వాత మా సందులోకే రాలేదు. గౌరి కూడా మందులతో తేరుకున్నాకే మళ్లీ వచ్చింది. అది ఈనిన రోజు అప్పలరాజు సందు మొదట్నుంచే కేకేశాడు: “ఆడపిల్ల పుట్టింది బావా!”

ఇప్పుడు అబ్బా లేడు. సాల ఉన్నచోట సెల్‌ఫోన్ల దుకాణాలున్నాయి. పెళ్లి గుర్రాలు ఎక్కడినుంచో వ్యాన్లలో వస్తాయి. ఆ సందులో మా గుర్రాలను చూసినవాళ్లు ఎవరూ మిగల్లేదు. మొన్న బీచ్‌రోడ్డులో ఒకతను తన ఆడగుర్రాన్ని దాటించడానికి తీసుకెళ్తున్నానంటే, ముందు రెండింటికీ పరీక్ష చేయించావా అని అడిగాను. “ఆడోళ్లు అడిగే మాటలేటమ్మా ఇయి?” అని నవ్వాడు. చుట్టూ జనం చూస్తున్నారు. నేను గొంతు తగ్గించకుండా మొత్తం చెప్పాను. అతని నవ్వు ఆగింది. తాడు రెండో చేతిలోకి మార్చుకుని, “ఆ పరీక్ష సేసే డాట్టరు ఎక్కడుంటాడమ్మా?” అని అడిగాడు.